ముందు అచ్చయిన మాట

గంజాయి కేసు ప్రెస్‌మీట్ ఫొటో చూడనివాళ్ళు మన ఏజెన్సీలో ఉండరు. ముందు ఒక బల్ల. బల్ల మీద ప్యాకెట్లు, సెల్‌ఫోన్లు, కొంచెం నగదు. కుర్చీలో అధికారి. వెనకాల వరసగా నలుగురైదుగురు, మొహాలకు ముసుగులు. రేపు గుర్తింపు పరేడ్ పెట్టాల్సి వస్తే అది చెడకూడదని ముసుగు వేస్తామంటారు. మంచిదే. కానీ ఫొటో కింద వార్తలో పేరు, తండ్రి పేరు, ఊరు, మండలం అన్నీ అచ్చవుతాయి. ఇంక ఆ ముసుగు ఎవరి కోసమో మాకు అర్థం కాదు. ముసుగున్నా ఊళ్ళోవాళ్ళకు తెలియకపోదు. చొక్కాని బట్టి తెలుస్తుంది, నిలబడ్డ తీరుని బట్టి తెలుస్తుంది.

అలాంటి ఫొటో వచ్చిన మర్నాడు బడిలో పిల్లలు మమ్మల్ని అడుగుతారు. "మాస్టారూ, ఆ అన్న తప్పు చేశాడా?" ఇంకా తెలియదురా అంటే వాళ్ళకు అది తప్పించుకునే జవాబులా వినిపిస్తుంది. "పేపర్లో వేశారు కదా మాస్టారూ" అంటారు. తరగతిలో మేం చెప్పే పాఠాలన్నీ అచ్చులో ఉన్నవే. అచ్చులో ఉన్నది నిజమని నేర్పింది మేమే. ఇప్పుడు ఈ ఒక్క అచ్చుని నమ్మొద్దని ఎలా చెప్పాలి? ఒక మనిషి చేశాడని మనకు ఎప్పుడు తెలిసినట్టు? పోలీసు పట్టుకున్నప్పుడా, పేపరు రాసినప్పుడా, కోర్టు చెప్పినప్పుడా? ఉపాధ్యాయులుగా మాకు దీన్ని దాటవేసే వీల్లేదు, ఎందుకంటే ఆ ఫొటోలో నిలబడ్డవాడు నాలుగేళ్ళ కిందట మా ముందు బెంచీలో కూర్చున్నవాడు.

గంజాయి మోసినవాళ్ళు మన కుర్రాళ్ళలో లేరని మేం అనడం లేదు. ఉన్నారు. పెట్టుబడి పెట్టినవాడు ఏ పట్నంలోనో ఉంటాడు, మోస్తూ దొరికేది మనవాడు. అయితే సంత నుంచి ఇంటికి పోతూ దారిలో వచ్చిన ఆటో ఎక్కినవాడు కూడా అదే వరసలో నిలబడవచ్చు. ఫొటోలో ఇద్దరికీ ఒకటే ముసుగు. ఎవరు ఏమిటో తేల్చడానికే విచారణ. గంజాయి 20 కిలోలు దాటిందంటే చట్టం దాన్ని వాణిజ్య పరిమాణం కింద లెక్కేస్తుంది. అప్పుడు బెయిలు రావాలంటే, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయని కోర్టుకే అనిపించాలి. ప్లీడరుకి ఇవ్వడానికి పైకం లేనివాడు, తెలుగు అంతంతమాత్రంగా వచ్చినవాడు ఆ కారణాలు ఎక్కణ్ణించి తెస్తాడు? విచారణ ముగిసేవరకూ లోపలే. ఊళ్ళో మాత్రం విచారణ మొదటి రోజే ముగిసింది.

వార్తల్లో రోజూ కనిపించే వాక్యం ఒకటుంది. "పోలీసుల విచారణలో నిందితుడు నేరం అంగీకరించాడు." పోలీసు అధికారి ముందు ఒప్పుకున్న మాటను నిందితుడి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని చోట్లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో కూడా ఆ మాటే ఉంది, 23వ సెక్షన్‌గా. ఆ మాటను పట్టుకుని పోతే ఏదైనా వస్తువు దొరికిందనుకోండి, అంతవరకే చెల్లుతుంది. స్టేషన్‌లో మాట ఎలా రాబడతారో ఆ చట్టం రాసిన దొరలకు కూడా తెలుసు. అంటే చూడండి, జడ్జిగారు లెక్కలోకి తీసుకోకూడని మాటను జిల్లా అంతా పొద్దున్నే టీ తాగుతూ చదువుతుంది. చదివి మర్చిపోదు. ఆ కుర్రాడు తర్వాత నిర్దోషిగా బయటికొచ్చినా "అప్పుడు ఒప్పుకున్నాడు కదా" అంటారు.

ఇది ఎవరో ఒక విలేకరి చెడ్డతనం వల్ల జరిగేది కాదు. మండలంలో వార్తలు రాసే కంట్రిబ్యూటరుకి చాలాచోట్ల సరైన జీతం ఉండదు. ప్రకటనలు తేవాలి, చందాలు కట్టించాలి, సాయంత్రానికి వార్త పంపాలి. స్టేషన్ నుంచి ప్రెస్‌నోట్ వాట్సాప్‌లో వస్తుంది. అందులో పేర్లు, సెక్షన్లు, ఫొటో అన్నీ సిద్ధంగా ఉంటాయి. నిందితుడి తల్లి ఏమంటుందో తెలుసుకోవాలంటే పది కిలోమీటర్లు బండి మీద, ఆపైన కాలినడకన కొండ ఎక్కాలి. ఎక్కినా ఆవిడ కువిలోనో మరో భాషలోనో మాట్లాడుతుంది. రేపు మళ్ళీ వార్త కావాలంటే ఆ స్టేషన్‌కే వెళ్ళాలి కాబట్టి ఎస్‌ఐతో పేచీ పెట్టుకోలేడు. పోలీసు నోటు పేరు మారి వార్త అవుతుంది. "పోలీసులు చెప్పారు" అనే రెండు మాటలు ఎడిషన్‌లో చోటు చాలక ఎగిరిపోతాయి. ఆ రెండు మాటలు పోయాయంటే ఆరోపణ కాస్తా జరిగిన సంగతి అయిపోతుంది.

మాటల విషయం వచ్చింది కాబట్టి ఇంకొంచెం ఆగుదాం. ఘోరమైన హత్య జరిగితే తెలుగు పేపరు "కిరాతకం" అని రాస్తుంది. కిరాతులంటే అడవిలో వేటాడి బతికే జనం. అర్జునుణ్ణి పరీక్షించడానికి శివుడు ఎత్తిన వేషం కూడా కిరాతుడిదే, అప్పుడు దండం పెట్టారు. విచారణ లేకుండా మనిషిని కొట్టి చంపితే "ఆటవిక న్యాయం" అంటారు. అటవి అంటే అడవి. మైదానంలో, పట్నం నడిరోడ్డు మీద, మన గూడేల పొలిమేర కూడా చూడనివాళ్ళు చేసిన పనికి పేరు మనది. రాసేవాళ్ళు మనల్ని తిడదామని రాస్తున్నారని కాదు. అలవాటు. కానీ క్రూరత్వానికి భాషలో ముందే మన పేరు పెట్టి ఉంచారు కాబట్టి, ఏదైనా క్రూరమైన పని జరిగినప్పుడు మనవైపు చూడటం సులువవుతుంది. ఇంకో మాట కూడా ఉంది, ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే ఫిర్యాదు చేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి నిందపడ్డవాడు అయ్యాడు. భాష చేసిన పొరపాటే కావచ్చు. కానీ ఫిర్యాదు చేద్దామని స్టేషన్ మెట్లెక్కి, అనుమానితుడై కూర్చున్నవాళ్ళ కథలు మన గూడేల్లో విననివాళ్ళు ఎవరు?

ఒక జనం మొత్తాన్ని పుట్టుకతోనే అనుమానించడం ఒకప్పుడు చట్టమే. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకల వంటి తెగలను సెటిల్‌మెంట్లలో పెట్టి, హాజరు పలికించి, ఊరు దాటాలంటే చీటీ అడిగారు. 1952లో ఆ చట్టం పోయింది. స్టువర్టుపురం పేరు మాత్రం సినిమా వాల్‌పోస్టర్ల మీద మిగిలింది. 1991లో ఆ ఊరి పేరుతో పోలీస్ స్టేషన్ అని సినిమా వచ్చినప్పుడు, ఊరిలో టీచర్లూ రైతులూ ఉంటారని చూసేవాళ్ళకు తట్టి ఉండదు. రౌడీషీట్ల వంటి పోలీసు చరిత్ర పత్రాల్లో అణగారిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా ఎక్కించకూడదని సుప్రీంకోర్టు 2024లో చెప్పాల్సి వచ్చింది. డెబ్బై రెండేళ్ళ తర్వాత కూడా చెప్పాల్సి వచ్చిందంటే అలవాటు ఎంత లోతుగా ఉందో చూసుకోండి.

ఆ అలవాటు ఏం చేయగలదో నాసిక్ కేసు చూపిస్తుంది. 2003 జూన్‌లో మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో, తోటలో గుడిసె వేసుకుని ఉన్న ఒక కుటుంబం మీద రాత్రిపూట దాడి జరిగింది. ఐదుగురు చనిపోయారు, ఆడవాళ్ళ మీద అత్యాచారం జరిగింది. వినడానికే కష్టమైన నేరం. పోలీసులు సంచార తెగలకు చెందిన ఆరుగురు కూలీలను పట్టుకున్నారు. 2006లో కింది కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. 2007లో హైకోర్టు ముగ్గురికి దాన్ని యావజ్జీవంగా మార్చింది. 2009లో సుప్రీంకోర్టు ఆ ముగ్గురికీ కూడా ఉరే అంది. పదేళ్ళ తర్వాత, 2019 మార్చి 5న, కేసును మళ్ళీ విన్న అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది. ఏం మారింది? కొత్త సాక్షి రాలేదు. పాత కాగితాలే. ఆ రాత్రి గాయాలతో బతికి బయటపడిన ఆవిడ, పోలీసుల దగ్గరున్న పాత నేరస్థుల ఆల్బమ్ చూసి నలుగురిని గుర్తుపట్టింది. వాళ్ళు ఈ ఆరుగురిలో లేరు. పోలీసులు ఆ నలుగురి వెంట పడలేదు. ఆ సంగతి మొదటినుంచీ రికార్డులోనే ఉంది. మూడు కోర్టులు దాటి వచ్చింది. ఆరుగురిలో ఒకడు నేరం జరిగిననాటికి మైనరు. తలా ఐదు లక్షలు పరిహారం ఇమ్మని, తప్పు చేసిన పోలీసుల మీద చర్య తీసుకోమని కోర్టు చెప్పింది.

పక్షపాతం అనగానే మనం కుట్ర అనుకుంటాం, ఎవరో గదిలో కూర్చుని పన్నినట్టు. ఎక్కువసార్లు అంత శ్రమ అక్కర్లేదు. ఘోరం జరిగింది, జనం అడుగుతున్నారు, పేపర్లు అడుగుతున్నాయి, పైఅధికారి అడుగుతున్నాడు. ఎవరిని పట్టుకుంటే ఎవరూ అడగరో చెయ్యి అటు పోతుంది. మన పక్కనే, సుక్మా జిల్లా బుర్కాపాల్‌లో 2017 ఏప్రిల్‌లో 25 మంది జవాన్లు చనిపోయిన కేసులోనూ చెయ్యి అలాగే పోయింది. 121 మంది ఆదివాసులు ఐదేళ్ళు జైల్లో ఉండి, 2022 జూలైలో నిర్దోషులుగా ఇంటికి వచ్చారు. ఐదేళ్ళంటే ఒక పిల్ల అంగన్‌వాడీ దాటి ఒకటో తరగతిలో చేరే కాలం.

ఇంతవరకూ మనవాళ్ళు ముద్దాయిలుగా నిలబడ్డ కేసులు. ఇవి చెప్పడం తేలికే, ఎందుకంటే న్యాయం ఎటు ఉందో మనకు కనిపిస్తూనే ఉంది. కష్టమైనది వాకపల్లి.

2007 ఆగస్టు 20. జి.మాడుగుల మండలం, వాకపల్లి. గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. పార్టీలో ఉన్నది 21 మంది. మావోయిస్టులు చెప్పించిన మాటలని వెంటనే అన్నారు. దర్యాప్తు చేసినవాళ్ళు అలాంటిదేమీ జరగలేదని రాశారు. ఆ ఆడవాళ్ళు ఊరుకోలేదు, కోర్టుకు వెళ్ళారు. మానవ హక్కుల వేదిక వాళ్ళు పక్కన నిలబడ్డారు. 2012లో హైకోర్టు 13 మందిని విచారించాలంది. 2017లో సుప్రీంకోర్టు విచారణ ఆపనంటూ త్వరగా ముగించమంది. 2018లో విశాఖపట్నంలో విచారణ మొదలై, 2023 ఏప్రిల్ 6న తీర్పు వచ్చింది. 13 మందీ నిర్దోషులుగా విడుదల. దర్యాప్తు సరిగ్గా జరగలేదని అదే తీర్పు చెప్పింది. దర్యాప్తు అధికారి మీద చర్యకు సిఫారసు చేసింది. ఆడవాళ్ళకు పరిహారం ఇవ్వమంది.

సందేహముంటే దాని లాభం ముద్దాయికి. నాసిక్ కూలీల మెడలోంచి ఉరితాడు తీసింది ఆ సూత్రమే. అది వాకపల్లి కేసులో పోలీసులకు వర్తించకూడదు అనగలమా? మాలో మేం దీని మీద వాదించుకున్నాం. కొందరు అనవచ్చన్నారు, వాళ్ళ చేతిలో తుపాకీ ఉంది, ఆడవాళ్ళ చేతిలో ఏముంది అన్నారు. ఆ కోపం మాకు తెలుసు. అయినా అనలేం. యూనిఫాం వేసుకున్నవాడికి రుజువు లేకుండా శిక్ష వేయొచ్చని ఒప్పుకుంటే, ముసుగు వేసుకుని నిలబడ్డ మన కుర్రాడికి రుజువు కావాలని అడగడానికి మనకు నోరుండదు.

కానీ ఇంకో ప్రశ్న అడగాలి. ఆ సందేహం ఎక్కడ పుట్టింది? కొన్ని సందేహాలు జరిగిన సంగతిలోనే ఉంటాయి: చీకటి, దూరం, పాతబడిన జ్ఞాపకం. కొన్ని సందేహాలు తయారవుతాయి. గుర్తింపు పరేడ్ పెట్టాల్సినప్పుడు పెట్టకపోతే, సేకరించాల్సిన ఆనవాళ్ళు సమయానికి సేకరించకపోతే, పదేళ్ళ తర్వాత కోర్టు ముందు మిగిలేది సందేహమే. నిందపడ్డవాళ్ళూ దర్యాప్తు చేసేవాళ్ళూ ఒకే శాఖ అయినప్పుడు, దర్యాప్తులో పడిన ప్రతి కన్నం లాభం ఆ శాఖవాళ్ళకే చేరుతుంది. నాసిక్‌లో సరిగ్గా చేయని దర్యాప్తు పేదవాడిని ఉరికంబం దాకా తోసింది. వాకపల్లిలో సరిగ్గా చేయని దర్యాప్తు శాఖవాళ్ళను ఇంటికి పంపింది. లోపం ఒకటే, అది పడిన దిక్కు చూడండి. మేం పక్షపాతం అనేది దాన్నే.

ఇక్కడ పత్రికల పని మొదలవుతుంది. "వాకపల్లి కేసులో పోలీసులు నిర్దోషులు" అని శీర్షిక పెడితే అబద్ధం కాదు. "దర్యాప్తు లోపాలతో వీగిపోయిన వాకపల్లి కేసు" అన్నా అబద్ధం కాదు. మొదటిది చదివినవాళ్ళకు ఆ ఆడవాళ్ళు పదహారేళ్ళు అబద్ధమాడారని అనిపిస్తుంది. అబద్ధమాడారనుకుంటే పరిహారం ఎందుకు ఇమ్మన్నట్టు? రెండు వైపులకూ సమానంగా చోటిస్తే నిష్పాక్షికం అనుకునే విలేకరులు ఉన్నారు, వాళ్ళు మంచివాళ్ళే. కానీ ఒక వైపు ప్రెస్‌మీట్ హాలుంది, మైకుంది, తెలుగు చక్కగా రాసే అధికారి ఉన్నాడు. రెండో వైపు రోడ్డు లేదు. ఇద్దరికీ చెరో నాలుగు వాక్యాలు ఇస్తే అది సమానం కాదు. కొండ ఎక్కడమే సమానం. ఎక్కినా ఆ ఆడవాళ్ళ పేరుగానీ ఆనవాలుగానీ బయటపెట్టకూడదు, అది చట్టం కూడా.

పత్రికలు, జనం, పోలీసులు ముగ్గురూ ఒకేచోట కలిస్తే ఏమవుతుందో 2019లో మన హైదరాబాదు దగ్గరే చూశాం. పశువైద్యురాలి మీద జరిగిన ఘోరానికి దేశం కదిలింది, కదలాల్సిందే. నలుగురిని పట్టుకున్నారు. టీవీలు రాత్రింబవళ్ళు తీర్పులు చెప్పాయి. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర ఆ నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మన కుర్రాళ్ళ ఫోన్లలో కూడా ఆ పూల వీడియోలు తిరిగాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్ళలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని అందులో ఉంది. ఆ నివేదికకు ఎవరూ పూలు చల్లలేదు. ఆ నలుగురే చేశారా? చేసి ఉండవచ్చు. కోర్టులో తేలే దారి మాత్రం మూసుకుపోయింది. ఆ చనిపోయిన అమ్మాయి కుటుంబానికి కూడా మూసుకుపోయింది.

పేపర్లనీ పోలీసులనీ ఇన్ని అన్నాక మన ఊళ్ళోకి చూడకపోతే బాగుండదు. చిల్లంగి సంగతి. ఒక ఇంట్లో పిల్లకు జ్వరం వచ్చి పోతుంది. ఎవరో ఒకరి పేరు గొణుగుతారు. తరచుగా ఒంటరిగా ఉన్న ముసలామె, లేకపోతే భూమి తగాదా ఉన్న పెద్దాయన. సంతలో ఆ మాట రెండోసారి వినిపిస్తుంది, కల్లు దగ్గర మూడోసారి. మూడోసారికి అది అనుమానం కాదు, అందరికీ తెలిసిన సంగతి. ఆ మనిషిని కొట్టి చంపిన ఊళ్ళు మన ఏజెన్సీలో ఉన్నాయి. ప్రెస్‌నోట్ లేదు, ఎడిషన్ లేదు, అయినా పని అదే జరిగింది. అడగడానికి ఎవరూ రాని మనిషి మీదికే చెయ్యి పోయింది. మన పంచాయితీలో భూమి తగువైతే రెండు వైపులా గంటలు గంటలు వింటారు, అది మన గొప్ప. చిల్లంగి అన్నచోట మాత్రం నిందపడ్డవాడి మాట ఎవరూ వినరు. మర్నాడు పేపరు "ఆటవికం" అని రాస్తే ఆ మాటకు మనం కోపం తెచ్చుకోవాలి, కానీ ఆ చావుకు అంతకంటే ఎక్కువ కోపం రావాలి.

పోలీసులు పత్రికలకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఒక నియమావళి తయారుచేయమని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోంశాఖకు చెప్పింది. పత్రికల్లో పక్షపాతంగా రాస్తే ఆ మనిషే నేరం చేశాడని జనానికి అనుమానం కలుగుతుందని కూడా అంది. నియమాలు మన మండలం దాకా ఎప్పుడు దిగుతాయో చూడాలి. ఈలోగా ఉపాధ్యాయ మిత్రులకు మేం చెప్పగలిగింది ఒకటుంది, ఖర్చు లేనిది. నేరవార్త ఒకటి బోర్డు పక్కన అంటించండి, పేర్లు కొట్టేసి. ప్రతి వాక్యం కింద "ఇది ఎవరు చెప్పారు?" అని పిల్లల చేత రాయించండి. పోలీసులు చెప్పినవి ఎన్ని, ఇంటివాళ్ళు చెప్పినవి ఎన్ని, ఎవరూ చెప్పకుండా వచ్చినవి ఎన్ని. ఎనిమిదో తరగతి పిల్లలు దీన్ని బాగా చేస్తారు. లెక్కల పీరియడ్‌లో అయినా చేయించవచ్చు.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు వేరే చెప్పాలి. ఎవరినైనా పట్టుకుపోతే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, దారి ప్రయాణం మినహా. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి, ఇంటివాళ్ళకు కబురు చేయాలి. ఎస్టీలకు ప్లీడరు ఖర్చు ప్రభుత్వానిది, న్యాయసేవా సంస్థకు అర్జీ పెట్టుకుంటే ఇస్తారు. ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయకండి. ఫొటో మీ ఫోన్‌కి వచ్చినప్పుడు ఊరి గ్రూపులో వేసే ముందు ఆ ముసుగు వెనక ఉన్నవాడి అమ్మ నంబరు కూడా ఆ గ్రూపులో ఉందేమో చూడండి. పట్టుకున్న వార్త ఏ పేపర్లో, ఏ తేదీన, ఏ పేజీలో వచ్చిందో కత్తిరించి దాచండి. కేసు కొట్టేసిన రోజున ఆ ముక్కనీ తీర్పు నకలునీ కలిపి అదే విలేకరి చేతిలో పెట్టి, అదే పేజీలో వేయమని అడగండి.